మిగులు కోసం వెలిగిన బట్టీ

ఆ వానాకాలంలో మా బావ బట్టీ చల్లారిపోయింది. వాన వల్ల అంటుంది మా అక్క. వీధి చివర వెలిసిన సూపర్ మార్కెట్టు వల్ల అంటాడు బావ. ఫోన్లో యాప్ వల్ల అంటుంది నా మేనకోడలు. ముగ్గురిలో ఒక్కరూ నా పేరెత్తరు. నాకు కడుపులో మండేది అక్కడే. ఆ ఇంట్లో పాలు విరిగినా, చెప్పు తెగినా, కరెంటు పోయినా ఇన్నేళ్లూ నన్నే తిట్టారు. సగం సార్లు ఆ తిట్లకి నేను తగినవాణ్ణే, అది వేరే సంగతి. తీరా నిజంగా నా వల్ల జరిగినప్పుడు అందరూ కూడబలుక్కున్నట్టు నన్ను వదిలేశారు.

అందుకని నేనే చెప్తాను.

మా బావది బ్రెడ్డు కొట్టు. ముందు గదిలో కొట్టు, వెనక గదిలో బట్టీ, మేడ మీద రెండు గదుల్లో మేమందరం. నేను ఆరో తరగతి మూడుసార్లు చదివి, మొత్తం కలిపితే ఎనిమిది అయిందని చదువు మానేసి, అక్క పెళ్లయిన మర్నాడే ఆవిడ వెనకాల వచ్చేసినవాణ్ణి. పెట్టె మోయడానికి వచ్చానని చెప్పాను. ఇప్పటికీ పెట్టె దించలేదంటాడు బావ.

బట్టీ అంటే కరెంటుది కాదు. ఇటుకలతో గుహలాగా కట్టి, కట్టెలతో కాల్చేది. పదమూడేళ్ల కిందట బావ తన చేతులతో కట్టాడు. ఇటుకలు నేను మోశాను. మోసే పని నా ఒంటికి పడదు. ఆ కసి కొద్దీ, ఆయన టీ తాగడానికి వెళ్లినప్పుడు ఒక ఇటుక మీద మేకుతో 'బావ మొద్దు' అని చెక్కి, అక్షరాలున్న వైపు మట్టి పూసి, రాగానే అందించాను. ఆయన దాన్ని గోపురం మూడో వరసలో చక్కగా పేర్చి, చెక్క సుత్తితో రెండు తట్టులు తట్టి, "బాగా కుదిరిందిరా" అన్నాడు. ఆ తర్వాత ఆయన నన్ను కోప్పడినప్పుడల్లా నేను బట్టీ వైపు చూసి లోలోపల నవ్వుకునేవాణ్ణి. కూలితే తప్ప బయటపడని వేళాకోళం అది. అది కూలుతుందని ఎవడనుకున్నాడు?

ఎందుకంటే ఒకసారి రాజుకున్నాక ఆ బట్టీ మళ్లీ చల్లారలేదు. నిప్పు తీసేసినా మర్నాటిదాకా ఇటుకల్లో వేడి నిలిచేది. తెల్లారకముందే మళ్లీ కట్టెలు పడేవి. "వేడిగా ఉన్నన్నాళ్లూ ఇది కొండరా. చల్లారి చెమ్మ పట్టిందా, ఆ తర్వాత గబుక్కున మంట తగిలితే పగులుతుంది" అనేవాడు బావ. ఊరికి వెళ్లాల్సొచ్చినా ఒక్కపూటలో తిరిగొచ్చేవాడు, దాన్ని వదిలి ఉండలేక. అక్క దాన్ని సవతి అనేది.

ఆ వేడితోనే మాకు రస్కులు. సాయంత్రానికి మిగిలిన బ్రెడ్డంతా అక్క సన్నగా కోసి, ట్రేల్లో పరిచి, నిప్పు తీసిన బట్టీలోకి తోసేది. తెల్లారేసరికి రస్కులు కరకరలాడేవి. మా బ్రెడ్డు కంటే మా రస్కులకే పేరు. విరిగినవి ఆయమ్మకి. ఆయమ్మంటే పెద్దాసుపత్రిలో ఆయా. డ్యూటీ దిగి గుడ్డసంచీ పట్టుకుని వెనక గుమ్మం దగ్గరికి వచ్చేది. కాసిని తనకి, మిగతావి ఆసుపత్రి వరండాలో పడిగాపులు పడే రోగుల తాలూకు మనుషులకి. అంటే మా కొట్లో పారబోసేదంటూ ఏమీ ఉండేది కాదు. చీమలకి కూడా మా మీద ఫిర్యాదు ఉండేది.

ఆ ఏడు వాన ముందుగా దిగింది, వచ్చి కూర్చుంది. వీధిలో నీళ్లు. సూపర్ మార్కెట్టువాళ్లు అదే నెలలో తలుపులు తెరిచారు, అవి వాటంతటవే తెరుచుకునే తలుపులు. మా గుమ్మం ముందు కాలువ దాటడానికి నేను రెండు ఇటుకలు వేశాను. అయినా మనుషులు రాలేదు. రస్కు డబ్బాలు నిండిపోయాయి.

"వానలు వెనకపట్టేదాకా బట్టీ చల్లారకుండా లాక్కొస్తే చాలు. తర్వాత మన రోజులు మనకొస్తాయి" అనేవాడు బావ. రోజూ అనేవాడు. అక్క విననట్టు వినేది.

*

నా మేనకోడల్ని నేను పిడత అంటాను. పుట్టినప్పుడు గుండ్రంగా అలా ఉండేది. ఇప్పుడు నాకంటే పొడుగు, కాలేజీలో చదువుతోంది, అయినా పిడతే. ఒకరోజు కాలేజీ నుంచి ఒక కాయితం సంచీ తెచ్చి బల్ల మీద పెట్టింది. విప్పితే రెండు కేకు ముక్కలు, ఒక పెద్ద హోటలు వాళ్ల బన్నులు.

"ఎవరి జేబు కొట్టావే పిడతా?"

"పిడతా గిడతా అనకు మామయ్యా, ఫోన్లో ఫ్రెండుంది. యాప్‌లో కొన్నాను. హోటళ్లలో, కొట్లలో సాయంత్రానికి మిగిలినవి మూడో వంతు ధరకి ఇచ్చేస్తారు. లోపల ఏముందో ముందు చెప్పరు. తిండి వృథా కాకూడదని పెట్టారు."

"మన కొట్లో వృథా ఏముందే?" అన్నాడు బావ.

"నాన్నా, ఆ డబ్బాలు చూడు. అన్ని రస్కులు ఎవరు తింటారు?"

బావ డబ్బాల వైపు చూశాడు. "మిగిలింది అమ్ముకునే కొట్టు అంటారు రేపు. వద్దు" అని లేచి వెళ్లిపోయాడు.

వద్దు అన్నాడంటే నాకు చెయ్యమన్నట్టే. అది పుట్టుకతో వచ్చింది. మర్నాడు బావ పిండి మిల్లుకి వెళ్లగానే పిడతని కూర్చోబెట్టి కొట్టుని యాప్‌లో ఎక్కించేశాను. కొట్టు ఫోటో అడిగింది. నా దగ్గర మంచి ఫోటో ఒకటుంది, బావ పిండి బస్తా మీద నోరు తెరుచుకుని నిద్రపోతున్నది. అదే పెట్టాం. సరుకు పేరు అడిగితే 'మాయ సంచి' అన్నాను. ఎన్ని అంటే అయిదు.

సాయంత్రం హెల్మెట్ పెట్టుకున్న ఒకాయన వచ్చి బావ ముందు నిలబడ్డాడు.

"సంచీ ఇవ్వండి."

"ఏం సంచీ?"

"మాయ సంచీ."

"మాయా లేదు మంత్రం లేదు. బ్రెడ్డు కావాలా, బన్ను కావాలా?"

ఆయన ఫోను తీసి బావ మొహం ముందు పెట్టాడు. బావ తన నోరు తాను చూసుకున్నాడు. తర్వాత మెల్లగా నా వైపు తిరిగాడు. నేను అప్పటికే బల్ల కింద ఉన్నాను.

"ఒరేయ్ బామ్మర్దీ!"

"ఉన్నాను బావా, కింద చిల్లర పడింది."

మేడ మెట్ల మీద కూర్చున్న అక్క పగలబడి నవ్వింది. ఆ నవ్వు విని రెండు నెలలయింది. బావ కూడా విన్నాడు. అందుకే ఇక ఏమీ అనకుండా ఒక బ్రెడ్డు, నాలుగు బన్నులు సంచీలో పెట్టి ఇచ్చాడు.

*

వారం తిరిగేసరికి రోజుకి పది సంచులు పోతున్నాయి, డబ్బాల్లోని రస్కులూ వాటితోపాటే ఖాళీ అయ్యాయి. ఒక్కోదాంట్లో నేను చీటీ రాసి పెట్టేవాణ్ణి. 'ఈ సంచి విప్పినవాళ్లు ఇవాళ గిన్నెలు తోమాలి' అని ఒకటి. 'ఈ బన్ను సొట్టపోయింది నా చేతుల్లో. మా బావకి చెప్పకండి' అని ఒకటి. ఒకావిడ పనిగట్టుకుని వచ్చి, "మా ఆయన చేత తోమించాను బాబూ, రేపు బట్టలు ఉతకాలని రాయండి" అంది. యాప్‌లో మాకు స్టార్లు పడ్డాయి. నిద్రపోతున్న బావ కింద వరసగా అయిదు నక్షత్రాలు. ఆయన ఎవరూ చూడకుండా పిడత ఫోను తీసి చూసుకునేవాడు. నేను చూశాను.

ఒక్కటే చిక్కు. ఎన్ని సంచులో పొద్దున్నే నొక్కాలి. సాయంత్రం ఎంత మిగులుతుందో పొద్దున్నే చెప్పాలన్నమాట.

"పొద్దున్నే తెలిస్తే అంత తక్కువ చేసేవాణ్ణి కదరా!" అన్నాడు బావ, అర్థం కాక.

"అందుకే నిన్ను మొద్దు అనేది."

"ఎవడు అనేది?"

"ఊళ్లో వాళ్లు."

ఆ నొక్కే పని నాది. ఒకరోజు పొద్దున ఉత్సాహం ఎక్కువై ఇరవై అయిదు నొక్కాను. నొక్కి వెనక్కి తిరిగేసరికి కిటికీలోంచి ఎండ పడింది. పది రోజుల తర్వాత ఎండ. జనం ఇళ్లలోంచి బయటికొచ్చారు. బడివాళ్లు ఆటల పోటీలని నాలుగు ట్రేల బన్నులు పట్టుకుపోయారు. నాలుగు గంటలకి అద్దాల బీరువా ఖాళీ. అక్క ఉత్త ట్రేలు తుడుస్తోంది. బావ స్టూలు మీద కూర్చుని, టీ గ్లాసు పట్టుకుని, కూనిరాగం తీస్తున్నాడు.

"ఇవాళ రస్కులకి కూడా లేదురా" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన మొహం నాకు ఇప్పటికీ కనపడుతుంది.

పిడత అప్పుడే వచ్చింది. బీరువా చూసింది, నన్ను చూసింది. "మామయ్యా, ఇవాళ ఎన్ని పెట్టావు?"

"ఇరవై అయిదు."

"ఏం ఇరవై అయిదు?" అన్నాడు బావ.

"సంచులు."

"ఏం పెట్టి ఇస్తావు? నీ తలకాయా?"

"ఒకటే ఉంది బావా. ఇరవై అయిదు మందికి ఎక్కడొస్తుంది?"

ఎవరూ నవ్వలేదు.

"అమ్ముడైపోయాయని చెప్పేద్దాం. మంచి మాటే కదా, తప్పేముంది?" అంది అక్క.

"రద్దు చేస్తే స్టార్లు పోతాయమ్మా. లిస్టులో ఎక్కడో అడుక్కి తోసేస్తారు."

"సరుకు అమ్ముడైనందుకు శిక్షా?" అన్నాడు బావ.

బావ గోడ గడియారం చూశాడు. సగం టీ ఉన్న గ్లాసు కింద పెట్టాడు. బట్టీ గదిలోకి వెళ్లి మళ్లీ కట్టెలు వేశాడు. ఆయన పిండి ముద్ద నాలుగు గంటలు పొంగాలి. ఆ రోజు ఈస్టు రెట్టింపు వేసి గంటలో సరిపెట్టాడు. అక్క జల్లెడ అందుకుంది.

ఏడింటికి వచ్చిన వాళ్లకి సంచులు పొగలు కక్కుతూ ఇచ్చాం. కళ్లజోడు పెట్టుకున్న ఒకమ్మాయి సంచీ పట్టుకుని, "అబ్బ, కాలిపోతోందేంటండీ!" అంది.

"మిగిలిందేనమ్మా. కాస్త వేడిగా మిగిలింది" అన్నాను.

ఆ అమ్మాయి ఆ మాట అలాగే యాప్‌లో రాసింది. 'వేడి వేడిగా మిగిలే కొట్టు, వదలకండి.' మర్నాటికల్లా వీధంతా చదివింది.

*

ప్రతి పొద్దున ఏడింటికి మాస్టారు వచ్చేవాడు. డ్రాయింగు మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. అర బ్రెడ్డు కొనేవాడు. బొటనవేలితో దాని వీపు నొక్కి, "నిన్నటిది కాదు కదా?" అనేవాడు. "రేపటిది మాస్టారూ" అనేవాణ్ణి. పదేళ్లుగా ఇదే మాట, ఇదే జవాబు. చెప్పకపోతే ఆయన కదిలేవాడు కాదు.

ఆ తర్వాత వారంలో మాస్టారు రావడం మానేశాడు. జ్వరమేమో అనుకున్నాను. ఆయనొక్కడే కాదు, చీరల కొట్టాయన, నర్సులు, ఎదురింటి ముసలావిడ, పొద్దుటి మొహాలన్నీ ఒక్కొక్కటే తగ్గాయి. పొద్దున కాల్చిన బ్రెడ్డు బీరువాలో సాయంత్రందాకా కూర్చునేది. దాన్ని సంచుల్లో నింపితే సరిపోయేది. బావ పొద్దుటి పిండి సగం చేశాడు. తర్వాత పావు చేశాడు.

ఒక సాయంత్రం సంచుల వరసలో ఒక గొడుగు బాగా కిందికి వంచి ఉంది. మొహం కనపడలేదు గానీ బొటనవేలు కనపడింది.

"మాస్టారూ! దారి తప్పారా?"

గొడుగు కొంచెం లేచింది. "అదే బ్రెడ్డు కదయ్యా" అన్నాడు, నా మొహం చూడకుండా. "పొద్దున కొంటే ఒక ధర, సాయంత్రం కొంటే ఇంకో ధర. పింఛను వాణ్ణి. ఏం చెయ్యను?"

ఆ మాటలో తప్పేముంది? నేను సంచీ అందించాను. అలవాటు కొద్దీ ఆయన నొక్కడానికి బొటనవేలు చాచి, సంచీ మూసి ఉందని వెనక్కి తీసుకున్నాడు. నేనే అన్నాను, "నిన్నటిది కాదు మాస్టారూ."

"నిన్నటిదైనా ఫరవాలేదులే" అని వెళ్లిపోయాడు.

వెనక గుమ్మం దగ్గర ఆయమ్మ నిలబడి ఉంది. గుడ్డసంచీ మడిచి చంకలో పెట్టుకుంది. నాలుగో రోజు అలా నిలబడటం. రస్కులకి బ్రెడ్డు మిగిలితే కదా! మిగిలేదంతా ముందే అమ్మేశాం.

"ఇవాళ కూడా లేవా బాబూ?"

"లేవమ్మా. నన్ను కరకరా నమిలెయ్, విరిగిన సరుకునే."

ఆవిడ పళ్లు లేని నోటితో నవ్వింది. "పోనీలే. మిగలట్లేదంటే మీకు మంచి రోజులొచ్చాయి. వరండాలో వాళ్లకి అదే చెప్తాను, కొట్టు బాగా నడుస్తోందిరా అని."

అక్క లోపల్నుంచి ఆ మాట వింది. బయటికి వచ్చి ఏదో చెప్పబోయి, ఆయమ్మ మొహంలో సంతోషం చూసి, మంచినీళ్లు ఇచ్చి పంపింది.

*

బావ ఒకసారి ఆపి చూశాడు. "ఇవాళ్టి నుంచి సంచుల్లేవు. కావాలంటే పొద్దున వస్తారు" అన్నాడు. తెల్లారకుండా లేచి, పాతరోజుల్లోలాగా బట్టీ నిండా కాల్చాడు. నాలుగు గంటలు పొంగిన పిండి. ఆ వాసన వీధి మలుపుదాకా పోయింది. మేమిద్దరం గల్లాపెట్టె వెనక పెళ్లిచూపులకి కూర్చున్నట్టు కూర్చున్నాం. ఒక లారీ డ్రైవరు వచ్చి రెండు బన్నులు కొన్నాడు. ఒక పాప పెన్సిలు ఉందా అని అడిగింది. సాయంత్రం ఏడింటికి మాత్రం అలవాటుగా పదిమంది వచ్చారు. ఫోను చూసుకుని, బీరువా చూసి, "ఇవాళ సంచుల్లేవా?" అని అడిగి, "రేపు ఉంటాయా?" అని అడిగి, వెళ్లారు.

మర్నాడు బావ నాతో అన్నాడు. "నొక్కరా."

ఆయన పొద్దున్నే లేవడం మానేశాడు. లేచి చేసేదేముంది? మధ్యాహ్నం బట్టీ వెలిగించేవాడు, సంచులకి సరిపడా కాల్చేవాడు, కట్టెలు మిగలాలని తొందరగా నిప్పు తీసేసేవాడు. అక్క ట్రేలు అటక మీద పెట్టేసింది. నేను చీటీలు రాస్తూనే ఉన్నాను. ఏం రాయాలో తోచకపోతే పాతవే మళ్లీ రాశాను. ఎవరూ పట్టుకోలేదు.

అప్పుడు వచ్చింది పెద్ద వాన. మూడు రోజులు. వీధిలో నీళ్లు మా గుమ్మం మెట్టెక్కాయి. కట్టెల్లో సగం తడిసిపోయాయి. కరెంటు లేదు, మనుషుల్లేరు. మూడో రోజు బావ బట్టీ గదిలోకి వెళ్లి, లోపలికి చెయ్యి పెట్టి చూశాడు. నేను కూడా పెట్టి చూశాను. చల్లగా, తడిగా, కుక్క ముక్కులాగా ఉంది.

నాలుగో రోజు పొద్దున వాన ఆగింది. రోడ్డు మీద నీళ్లు దిగాయి. నాకు పట్టరాని సంబరం. మూడు రోజులు మనుషుల మొహాలు చూడకపోతే నాకు నాలుక దురదపెడుతుంది. ఎవర్నీ అడగలేదు. ముప్పై నొక్కాను. ఊరంతా ఆకలి మీద ఉందేమో, అరగంటలో ముప్పై పోయాయి.

కిందికి దిగేసరికి బావ బట్టీ నోటి దగ్గర ఒకే ఒక్క సన్న కట్టె రాజేసి, విసనకర్రతో విసురుతున్నాడు. పసిబిడ్డకి విసిరినట్టు.

"రెండు రోజులు సన్నమంట మీద ఆరనివ్వాలి" అన్నాడు, నేను అడగకుండానే. "అప్పుడు గానీ పెద్ద మంట పెట్టకూడదు. నిదానంగా చేస్తే ఏమీ కాదు. ఎల్లుండి నుంచి మళ్లీ పొద్దున్నే మొదలెడదాం అనుకుంటున్నానురా. సంచులు తగ్గించి. మాస్టారు లాంటి వాళ్లకి నేనే వెళ్లి చెప్తాను."

ఆయన అంత మాట్లాడటం నేను ఆ వానాకాలం మొత్తంలో వినలేదు.

"బావా."

"ఊఁ."

"సాయంత్రానికి ముప్పై."

విసనకర్ర ఆగింది. ఆయన నన్ను తిడతాడని చూశాను. తిట్టమని చూశాను. బల్ల కూడా దగ్గర్లోనే ఉంది, దూరడానికి. ఆయన నన్ను చూసి, మంటని చూసి, "ముప్పై మందా?" అన్నాడు. "బురదలో పడి వస్తారు పాపం."

"లేదని చెప్పేస్తాను బావా. స్టార్లు పోతే పోనీ."

"పోతే ఇంక ఎవరొస్తారురా మన దగ్గరికి?" అన్నాడు. కోపంగా కాదు. దారి అడిగినట్టు అడిగాడు.

నేను ఆయన చేతిలోంచి విసనకర్ర అందుకున్నాను.

ఆయన లేచి కట్టెలు తెచ్చి బట్టీలోకి తోశాడు. ఒకటి, రెండు, ఆరు. మంట గోపురాన్ని నాకింది. ఇటుకల్లోంచి ఆవిరి బుసకొట్టింది. అక్క పిండి పిసుకుతూ తలెత్తి చూసి మళ్లీ వంచుకుంది. నాలుగున్నరకి శబ్దం వచ్చింది. పెద్దదేం కాదు. మామిడికాయ కొరికినట్టు ఒక్క పటుక్కు. గోపురం ఈ చివర్నుంచి ఆ చివరికి వెంట్రుకంత గీత. మేం చూస్తుండగానే అది వేలు దూరేంత అయింది. అందులోంచి పొగ మేడ మీదికి పోయింది.

బావ ముందు లోపలున్న బ్రెడ్డు తీశాడు. చెక్కపారతో ఒక్కోటీ తీసి బల్ల మీద పెట్టాడు. ఒకవైపు మాడాయి, ఒకవైపు పచ్చి. వాటిలో బాగున్న వైపులు కోసి ముప్పై సంచులూ నింపాం. నేను చీటీలు పెట్టలేదు.

ఆ రాత్రి మాకు మూడు స్టార్లు పడ్డాయి. 'ముందులాగా లేదు' అని రాశారెవరో. నిజమే రాశారు.

*

కొత్తది కట్టాలంటే మనిషికి నమ్మకం ఉండాలి. బావ ఇటుకల సంగతి ఎత్తలేదు. కొట్టు గది ఇస్త్రీ వాళ్లు తీసుకున్నారు. వాళ్లకి వెనక గది ఖాళీ చేసివ్వాలి. సూపర్ మార్కెట్టులో బ్రెడ్డు కాల్చే చోట బావని తీసుకున్నారు. కరెంటు పొయ్యి, మీట నొక్కితే అదే కాలుస్తుందట. తలకి కాయితం టోపీ పెట్టుకోవాలట. సాయంత్రం మిగిలినవి సంచుల్లో సర్దడం కూడా ఆయన పనే. ఆ యాప్‌లో వాళ్లూ ఉన్నారు.

ఉద్యోగంలో చేరేముందు రోజు మేమిద్దరం బట్టీ పడగొట్టాం. బయట జల్లు పడుతోంది. బావ గడ్డపార వేస్తే నేను ఇటుకలు తీసి వెనక గుమ్మం దగ్గర పేర్చాను. మూడో వరస దగ్గరికి వచ్చేసరికి నాకు గుర్తొచ్చింది. "నువ్వు పోయి టీ తాగు బావా, నేను తీస్తాను" అన్నాను.

"నువ్వు పని చేస్తానంటే నాకు భయంరా" అన్నాడు. నెల రోజుల తర్వాత ఆయన వేసిన మొదటి వేళాకోళం. ఆ మాటతోపాటే ఇటుక ఆయన చేతిలోకి ఊడి వచ్చింది. మట్టి రాలింది. మంట కాల్చి కాల్చి అక్షరాలు ఇంకా గట్టిపడ్డాయి. చదివాడు. బొటనవేలితో మసి తుడిచి మళ్లీ చదివాడు.

"ఎప్పుడు రాశావు?"

"కట్టిన రోజే."

పదమూడేళ్లు నేను ఆ క్షణం కోసం నవ్వు దాచుకున్నాను. ఆయన ఇటుక విసురుతాడని, నేను పరిగెడతానని, అక్క మెట్ల మీద నవ్వుతుందని. ఆయన తల ఊపాడు.

"అప్పుడే తెలిసిందన్నమాట నీకు" అన్నాడు. ఇటుకని మిగతావాటి మీద జాగ్రత్తగా పెట్టి గడ్డపార అందుకున్నాడు.

కాదు బావా, మొద్దు నేను, అని అనాలి. నోరు తెరిచాను. అప్పటికే వెనక గుమ్మం దగ్గర ఆయమ్మ వచ్చి నిలబడింది, నెత్తి మీద పాలిథిన్ కాయితం కప్పుకుని.

"రస్కుల కోసం కాదు బాబూ. ఇంట్లోకి నీళ్లొస్తున్నాయి. మంచం కాళ్ల కింద పెట్టుకోడానికి నాలుగు ఇటుకలు ఇస్తారేమోనని."

"తీసుకో ఆయమ్మా. ఎన్ని కావాలంటే అన్ని" అన్నాడు బావ, వెనక్కి తిరక్కుండా.

ఆవిడ గుడ్డసంచీ విప్పి పైనున్న నాలుగూ తీసుకుంది. మూడు సంచీలో పెట్టి, నాలుగోది చేత్తో తడిమి, ఆగింది. "దీని మీద ఏదో రాసుంది. ఏంటి బాబూ?"

గడ్డపార చప్పుడు ఆగింది.

"కొట్టు పేరమ్మా" అన్నాను.

"అయ్యో, అయితే మీరే ఉంచుకోండి."

"మాకెందుకమ్మా" అన్నాడు బావ.

ఆవిడ కొంగుతో దాన్ని తుడిచింది. దాన్ని సంచీలో పెట్టలేదు. అక్షరాలు పైకి ఉండేలా గుండెకి ఆనించి పట్టుకుని, పాలిథిన్ కాయితం దాని మీదికి కూడా లాక్కుని, వానలోకి నడిచింది.